జీపక్క పాల రూటు

“...అప్పటికి మిగిలింది రివర్సు గేరొక్కటే. నిండు క్యాన్లతో కొండ మలుపు నుంచి ఇంటిదాకా వెనక్కే నడుపుకొచ్చా, తమ్ముడూ. మెడ పట్టేసింది గానీ చుక్క పాలు ఒలకలేదు. మా మరిది గుమ్మంలో నిలబడి, ‘ఏంటొదినా, వెనక్కి పోతున్నావ్?’ అన్నాడు. ‘ముందుకెళ్తే నీ కంటికి ఆనడం లేదుగా, అందుకే’ అన్నా.”

జీపక్క ఈ మాటలంటున్నది జీపు కింద, పాత గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని; పక్కనే పనిముట్లు అందిస్తూ నేను. జీపక్క... ఊరంతా ఆమెను పిలిచే పేరే అది. భర్త పోయినప్పటి నుంచి ఆయన సీట్లో దిండు వేసుకుని, కొండమీది పశువుల వాళ్ళ పాలు కిందికి దింపుతోంది. రేపు పొద్దున జీపు కదలకపోతే ఆ రూటు మరిదికి ఇచ్చేస్తామని పాలకేంద్రం వాళ్ళు తేల్చేశారు. మరిది వ్యాను తళతళలాడుతుంది గానీ బురద మలుపు ఎక్కదు. పైవాళ్ళు క్యాన్లు నెత్తిన పెట్టుకుని దిగాల్సిందే.

పాత గేర్‌బాక్సు విప్పితే పళ్ళు రాలి, అడుగున ఇనుప నూక తేలింది. ఇలాంటి జీపులోదే మరొకటి తుక్కు కొట్లో ఏరి తెచ్చింది. కొట్టువాడు జీపునే తూకానికి వేయమన్నాడట. “ముందు నువ్వెక్కు కాటా” అందట.

జాకీ దగ్గర ఆమె తోడికోడలు, అంటే ఆ మరిది భార్యే, కొంగు దోపుకుని కూర్చుంది.

“మీ ఆయన చూస్తేనో?” అన్నాను.

“ఇక్కడికి చూడాలంటే వంగాలి. ఆ పొట్టతో ఆయన వంగి ఏళ్ళయింది.”

గేర్‌బాక్సు ఇంజను దాకా వెళ్ళి, వేలెడు సందు మిగిల్చి మొరాయించింది. బోల్టులు బిగించి లాగేద్దామని స్పానరు అందుకున్నాను. జీపక్క నా చేతిమీద ఒక్కటేసింది.

“చెవి పట్టి లాగితే ఇదీ మాట వినదు. బోల్టు పట్టే చెవి కాస్తా పగులుతుంది. గేరు వేసే ఉంచా. చెల్లీ, వెనక షాఫ్టు కాస్త తిప్పు. ఇంకాస్త... అదీ!”

మోకాళ్ళతో ఒక్క నెట్టు నెట్టింది. లోపలి పళ్ళు గాడిలో పడి, పెట్టె ఇంజనుకు అతుక్కుపోయింది. బోల్టులు బిగించాం, ఆయిల్ పోశాం. ఆమె సీటెక్కి, ఇంజను ఆన్ చేసి ఒక్కో గేరూ వేసి చూసింది. మూడోది గరగరమంది.

“దగ్గుతోందక్కా” అంది తోడికోడలు.

“నేనూ దగ్గుతా. పని మానేశానా?”

జీపక్క చేతులైనా తుడుచుకోలేదు. నావైపు తిరిగింది.

“నువ్వు పాలకేంద్రానికెళ్ళి, పొద్దున ఖాళీ క్యాన్లు నా జీపుకే ఎక్కించమని చెప్పు.”

“ఒకసారి నడిపి చూశాక వెళ్తానక్కా.”

“నడిచాక చెప్పడానికి నువ్వెందుకు, చప్పుడే చెబుతుంది. పో. మా మరిది అక్కడే బెంచీ మీద ఉంటాడు. కాస్త గట్టిగా చెప్పు.”