ఏడిపించని మందు

గోదాములో ఆమెను అందరూ ‘పరదాల వదిన’ అనేవారు. ధాన్యం బస్తాల గుట్టల మీద ప్లాస్టిక్ పరదా కప్పి, అంచుల వెంట ఇసుక సంచులు పేర్చడం ఆమె పని. తర్వాత మేస్త్రీ సిలిండరు మర తిప్పి పరదా లోపలికి గ్యాసు వదులుతాడు. పురుగు చావాలి, గింజ నిలవాలి.

ఆ గ్యాసు మిథైల్ బ్రోమైడ్. మిథనాల్‌ను హైడ్రోబ్రోమిక్ ఆమ్లంతో కలిపి తయారుచేస్తారు. రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసన లేదు. గాలికంటే బరువు కనుక నేలబారున పాకుతుంది. లీకైతే తెలియాలని కొన్ని సిలిండర్లలో కళ్లు మండించే మరో రసాయనం కలుపుతారు. పనివాళ్లకు అది ‘ఏడుపు మందు’. అది కలపని సిలిండరు ‘మంచి మందు’. మంచి మందు వచ్చిన రోజున పరదాకు వీపు ఆనించి భోజనాలు చేసేవారు. ఆ పేరు తప్పని చెప్పాల్సిన యాజమాన్యం నోరు మెదపలేదు. మాస్కులు బీరువా దాటి రాలేదు.

ఈ ఏడాది వరసగా మంచి మందే వచ్చింది. వదిన నాలుక మడత పడసాగింది. కాళ్లు తడబడేవి. ఒక్క దీపం రెండుగా కనిపించేది.

“ఏం వదినా, పొద్దున్నే వేసేశావా?” అని మేస్త్రీ నవ్వాడు.

“నీ పెళ్లిలో కూడా చుక్క ముట్టలేదురా, సచ్చినోడా!” అనబోయింది. సగమే బయటికొచ్చింది.

డాక్టరమ్మ ఆమె నడక చూసి, పని అడిగి, రక్తం పరీక్ష చేయించింది.

“ఇది తాగుడు కాదమ్మా, పీల్చుడు. మళ్లీ ఆ గ్యాసు దగ్గరికి వెళ్లొద్దు.”

ఆమె వెళ్లి చెబితే, గోదాము మేనేజరు ఆ మాట చెవిన పెట్టలేదు. “తాగొచ్చానని అందరి ముందూ ఒప్పుకో, ఊడ్చే పనిలో ఉంచుతా. గ్యాసూ గీసూ అన్నావో, ఇంటికే!”

భర్త బతిమాలాడు. “ఒక్క మాటే కదే! నీ నిజం కంచంలోకి వస్తుందా?”

“నేను తాగుబోతునైతే... రేపు నీ తమ్ముడి పెళ్లామూ తాగుబోతే,” అంది ఒక్కో మాటా కూడదీసుకుంటూ. తోడికోడలిదీ పరదాల పనే.

మర్నాడు గేటు దగ్గర, మేనేజరు ఎదుటే, ఆమె ఒప్పుకోలేదు. ఆడవాళ్ల వైపు తిరిగింది.

“అది మంచి మందు కాదే. చెప్పకుండా చంపేది. తలుపులు బార్లా తెరిచి, గ్యాసు కొలిచేదాకా లోపలికి పోవద్దు.”

ముద్దముద్దగా వచ్చిన ఆ మాటలకు కొందరు కిసుక్కుమన్నారు. ఇద్దరు మాత్రం ఆగారు. తోడికోడలు ఆగలేదు.

“అక్కా, నీ పని పోయింది. నాది కూడా పోతే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?” అంటూ ముక్కుకు గుడ్డ చుట్టుకుని లోపలికి నడిచింది.

గుడ్డకు ఆగే గ్యాసు కాదది. వదిన ఆమె వెనకే అరిచింది. ఆ అరుపూ తడబడింది.