గవ్రీల బావ కొలిచిన నీడ

మా గవ్రీల బావను కోటగోడ దగ్గర పురావస్తు తవ్వకానికి ఎవరూ పిలవలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నడుం కూడా కాస్త వంగింది. అయినా మొదటి రోజే పార భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఊళ్లో అతనంత మేస్త్రీ లేడన్నది నిజమే. అతనంత మొండివాడూ లేడు. ఆ మాట అనే హక్కు నాకుంది, అతను మా అక్క మార్త మొగుడు.

ఆ తవ్వకంలో నాది దొరికిన పాత కుండ పెంకులు కడిగే పని. మా ట్రాన్సిల్వేనియా కొండల్లో, నాలుగు వందల యాభై ఏళ్ల కిందట ఇటలీ మేస్త్రీలు ఫిరంగి గుండ్లకు ఓర్చేలా కట్టిన బురుజు అది. నలభై ఏళ్ల కిందట దాని మూల కూలితే మళ్లీ కట్టినవాళ్లలో బావ ఒకడు. తవ్వకానికి పెద్ద రుక్సాండ్ర అని ముప్పై ఏళ్ల పిల్ల. ఆ మూల పునాది కూడా తెరవాలంది.

"అక్కడొద్దమ్మా," అన్నాడు బావ. "అది మొన్నటి సిమెంటు. అందులో నీకేం దొరుకుద్ది?"

"మొన్నటిదైతే తీసెయ్యడం తేలికే కదా తాతా," అందా పిల్ల.

ఆ మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి, జున్ను ముందు పెట్టుకుని బావ ముద్ద ముట్టలేదు.

"ఏం బావా, నా వంట ఇన్నాళ్లకు బాగాలేకుండా పోయిందా?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. గోడ నిలవకపోతే మా వైపు మేస్త్రీలు మనిషి నీడను దారంతో కొలిచి, ఆ దారాన్ని పునాదిలో పెడతారు. కొలతకు చిక్కినవాళ్లు నలభై రోజుల్లో పోతారు, పోయి ఆ గోడలోనే ఉండి దాన్ని కాస్తారు. చిన్నప్పుడు మా అమ్మ కొత్త గోడ కడుతున్న వీధిలోంచి మమ్మల్ని నడవనిచ్చేది కాదు. ఆ మూల రెండుసార్లు కూలాక పెద్ద మేస్త్రీ బావ చేతికి దారమిచ్చి, దారిన పోయే ఎవరినో ఒకరిని కొలవమన్నాడట.

"ఎవరి కొంపో ముంచడానికి చేతులు రాలేదు ఫీరా. నా నీడే కొలుచుకున్నా. తల పడ్డచోట రాయి పెట్టి, వంగి దారం పరిచా. కోయబోతుంటే మీ అక్క అన్నం బుట్టతో వచ్చి సరిగ్గా అంతకుముందు నేను నిలబడ్డచోటే నిలబడింది. దాని నీడ దారం మీద పడింది. కంగారులో కోసేశా. నా రాయి దగ్గర కోశానో, దాని నీడ తల దగ్గర కోశానో, ఇప్పటికీ తెలీదు."

నలభై రోజులు తన చావు కోసం ఎదురుచూశాడు. ముప్పై ఎనిమిదో రోజున జ్వరంతో మా అక్క పోయింది.

తిట్టాలనుకున్నాను. రోజూ సాయంత్రం అతను ఆ మూల దగ్గర కూర్చుని గొణుక్కుంటుంటే తాగుడనుకునేదాన్ని. మార్తతో మాట్లాడుతున్నాడట.

"గుమ్మడి కాసిందని, మేక ఈనిందని చెబుతా," అన్నాడు. "వింటుంది."

మర్నాడు పొద్దున్నే పునాదిలోంచి సీసా బయటపడింది. మూతికి మైనం పెట్టిన సారా సీసా, లోపల చుట్టిన దారం. రుక్సాండ్ర దారాన్ని బయటికి తీసి, నంబరు రాసి సంచిలో వేయబోయింది.

"మధ్యాహ్నం దాకా నాకివ్వమ్మా. అది నేను పెట్టిందే," అన్నాడు బావ. ఆ పిల్ల అతని ముఖం చూసి, ఏమీ అడగకుండా ఇచ్చింది.

అప్పటిలాగే జూలై నెల. నీడ అప్పటంతే పడాలని అన్నం వేళ దాకా ఆగి, పార కర్ర ఊతగా పట్టుకుని అదే చోట నిలబడ్డాడు. అక్క అతని గుండెల దాకా వచ్చేది. దారం అంతవరకే వస్తే అది అక్క కొలతే.

"నిటారుగా నిలబడు బావా," అన్నాను. అతని కాళ్ల దగ్గర కొస పెట్టి, దారం పరుచుకుంటూ వెళ్లాను. గుండెలు దాటింది, మెడ దాటింది. నీడ తలను కూడా దాటి రెండు వేళ్లు పోయింది. ఆ రెండు వేళ్లూ వయసు తినేసింది.

"నీదే బావా," అన్నాను ఏడుస్తూ. "నీ కొలతే. అక్కను నువ్వు చంపలేదు. అది ఉత్త జ్వరం."

సంతోషిస్తాడనుకున్నాను. అతను దారం వంకైనా చూడలేదు. తెరిచిన పునాది గుంటలోకే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఇందులో లేదా మీ అక్క?" అన్నాడు. "మరి ఇన్నేళ్లూ నేనెవరితో మాట్లాడా ఫీరా?"