వంకర క్రాపులు

ఈ మధ్య మందుల కోసం దవాఖానకు వెళితే, వసారాలో చక్రాల కుర్చీలో కొత్తగా వెన్నుపూస దెబ్బతిన్న అబ్బాయి ఒకడు కనిపించాడు. వాళ్ళమ్మ పక్కన నిలబడి, అతని మోకాళ్ళ మీద కప్పిన తువ్వాలును అది జారకపోయినా మాటిమాటికీ సర్దుతోంది. అతనేమో వచ్చేపోయే వాళ్ళ ముఖాలు చూడలేక ఎదుటి గోడకేసి చూస్తున్నాడు. నా కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి రెండు మాటలు పలకరిద్దామనుకున్నాను గానీ, కుర్చీ తిప్పుకొని మందుల కిటికీ వైపు వెళ్ళిపోయాను. అట్లా గోడలు చూస్తూ గడిపిన కాలం నాకూ ఉంది. ముప్పై ఏళ్ళు దాటిపోయినా అది తలపుకొస్తే ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి.

మాది క్షౌరవృత్తి. మా నాన్న మనూరు వైపు పల్లెలో, కత్తులూ కత్తెరలూ ఉన్న తోలు పొది చంకన పెట్టుకొని పటేళ్ళ వాకిళ్ళకు వెళ్ళి, నేల మీద గొంతుక్కూర్చొని పని చేసేవాడు. నాకది చిన్నప్పటి నుంచీ నామోషీ. అందుకే మీసాలు వచ్చీరాగానే నారాయణఖేడ్ చేరి, బస్టాండు వెనక సందులో చిన్న దుకాణం పెట్టి, హైదరాబాదు నుంచి గిర్రున తిరిగే కుర్చీ తెప్పించాను. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో క్రాపు చేయించుకోవడం కంటే ఆ కుర్చీలో కూర్చొని అద్దంలో తమను తాము చూసుకోవడానికే సగం మంది వచ్చేవాళ్ళు. నేను నిలబడి పనిచేసేవాణ్ణి. నిలబడి చేయడమే నా గొప్ప. నాన్న ఎప్పుడైనా వచ్చి గుమ్మం పక్కన నేల మీద చతికిలబడితే, ఎవరైనా చూస్తారేమోనని బెంచీ మీద కూర్చోమని తొందరపెట్టేవాణ్ణి.

ఎనభైల చివర్లో ఒక పెళ్ళి నుంచి జీపు టాపు మీద కూర్చొని వస్తూ మలుపులో కిందపడ్డాను. వీపు మధ్యన వెన్నుపూస విరిగింది. ఛాతీ దిగువ నుంచి నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. పట్నంలో పెద్ద దవాఖానలో నెలల తరబడి ఉంచి, ఇక కాళ్ళు రావని తేలాక, చేతుల బలంతో మంచం మీంచి కుర్చీలోకి జరగడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిల్లడం, మూత్రం గొట్టం శుభ్రం చేసుకోవడం, చంటిపిల్లవాడికి నేర్పినట్టు ఒక్కొక్కటీ నేర్పారు. కసరత్తులు చేయించే ఒకావిడ ఉండేది. ఇంటికి పోయి ఏం పని చేస్తావని అడిగింది. నాది నిలబడి చేసే పని అన్నాను, అక్కడితో మాట అయిపోతుందనుకొని. ఆవిడ వదిలిపెట్టలేదు. కూర్చొనే చేయొచ్చు, కాకపోతే నీ నడుముకు పట్టు లేదు గనుక ఛాతీని దేనికైనా బెల్టుతో కట్టుకో, రెండు చేతులూ ఖాళీ అవుతాయి అంది. సరేనని తలూపాను. ఊరొచ్చాక ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బజారులో గుంజకు కట్టేసిన గొడ్డులా కనపడతానని భయం.

నేను లేనన్నాళ్ళూ దుకాణం మా అక్క భర్త, అంటే మా బావ, నడిపాడు. బంగారం లాంటి మనిషి. ఆ కుర్చీ దగ్గర ఇక నేను నిలబడలేను కదా, అందుకని మా ఇంటి అరుగు మీద నాకు చాపా దిండూ వేసి, గిరాకీ కూర్చోవడానికి కింద పీట పెట్టించింది ఆయనే. నేను అరుగు అంచున కూర్చొని, పీట మీది మనిషి తల నా ఛాతీకి ఎదురుగా వచ్చేట్టు చూసుకొని పని చేయాలి. తిరిగే కుర్చీ లేదు గనుక తిరగాల్సింది ఆ మనిషే. మూత్రం సంచి లుంగీ కింద ఉండేది. దాని వాసన వస్తుందేమోనని నా భార్య పొద్దున్నే అగరొత్తులు వెలిగించి పెట్టేది. ఏ దేవుడికో అనుకొని కొందరు చెంపలు కూడా వేసుకునేవాళ్ళు. ఏ నేల మీది పనికి సిగ్గుపడి పట్నపు కుర్చీ తెచ్చుకున్నానో ఆ పనికే తిరిగి వచ్చాను. నాన్న కనీసం తన కాళ్ళ మీద తాను కూర్చునేవాడు.

అయినా గిరాకీ వచ్చింది. బస్సు డిపోలో పనిచేసేవాళ్ళు, కిరాణా కొట్ల వాళ్ళు, మా వీధి చివరి బడిపంతులు, అందరూ వచ్చి పీట మీద కూర్చున్నారు. చేతి అద్దం ఇస్తే సరిగా చూసుకోకుండానే, మంచిగుంది, నీ చెయ్యి ఏం తగ్గలేదు అని మెచ్చుకునేవాళ్ళు. నా చెయ్యి తగ్గిందని నాకు తెలుసు. ముందుకు పడిపోకుండా ఎడమచెయ్యి అరుగుకు ఆనించి, కుడిచేత్తో ఒక్క కత్తెరే ఆడించేవాణ్ణి. దువ్వెన పట్టే చెయ్యేది? మెడ దగ్గర మెట్లు మెట్లుగా వచ్చేది. అయినా అందరూ బాగుందంటుంటే, నిజంగానే బాగుందేమోనని ఆశ పుట్టేది. మనిషికి ఆశ అంత తేలిగ్గా పోదు కదా.

ఒక సంత రోజున నాన్న ఊరి నుంచి వచ్చాడు. నేరుగా ఇంటికి రాకుండా బావతో రెండు మాటలు మాట్లాడదామని దుకాణానికి వెళ్ళాడట. కాసేపటికి సందు మొగన కనిపించాడు, వెంట మా బడిపంతులు. అప్పుడే నా అరుగు మీంచి మెచ్చుకొని వెళ్ళిన మనిషి, మెడ చుట్టూ మా దుకాణం గుడ్డతో, తలొంచుకొని వస్తున్నాడు. వెనక బావ కత్తెర చేతిలోనే పట్టుకొని పరుగులాంటి నడక. నాకేమీ అర్థం కాలేదు.

నాన్న అరుగు ముందు నిలబడి అన్నాడు: "నీ క్రాపులన్నీ నీ బావ సర్దుతుండు ర. ఒక్కనిది గాదు, అందరియి. నీకెర్కనా?"

నేను నా భార్య వైపు చూశాను. ఆమె తల దించుకొని కొంగు మెలిపెడుతోంది. ఆమెకూ తెలుసు. ఇక్కడ నన్ను మెచ్చుకోవడం, సందు తిరగ్గానే నా దుకాణంలో, నా కుర్చీలో కూర్చొని నా తప్పు దిద్దించుకోవడం. వీధి మొత్తం కలిసి నా కోసం ఆడిన నాటకం అది. ప్రేమతోనే ఆడారు, అదే ఎక్కువ కాల్చింది. జీపు మీంచి పడ్డనాడు కూడా చచ్చిపోతే బాగుండునని అనుకోలేదు, ఆ నిమిషాన అనుకున్నాను. కత్తెర అవతల పారేసి, ఇక ఈ పని ముట్టుకోనన్నాను.

పంతులు పాపం నసిగాడు. "అట్ల గాదు పెద్దమనిషి, ఏదో పాపం గదా అని..."

"పాపమైతే నాలుగు మంచి మాటలు జెప్పి పో సారూ. తల ఎందుకిచ్చినవ్?" అన్నాడు నాన్న.

తర్వాత కత్తెర ఏరి తెచ్చి నా ముందు పెట్టాడు. ఓదార్చలేదు. నా ఎడమచేతికేసి చూసి, "చెయ్యి నేల మీద పెడితివి. మరి దువ్వెన ఎవడు పట్టాలె?" అని అడిగాడు. జవాబు చెప్పకముందే తన తలకు చుట్టుకున్న రుమాలు విప్పాడు. బారెడు కాదు, బార్లకు బార్లు ఉండే ఆ తెల్లటి రుమాలుతో, అరుగు మీది గుంజకు నా ఛాతీని బిగించి కట్టడం మొదలుపెట్టాడు. అప్పటికే సంతకు పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"వద్దు నాయినా, బజారంత చూస్తది," అని బతిమాలాను.

"సూడనీ. వంకర తలలు సూస్తలేరా ఇన్ని దినాలు?"

రెండు ముడులు వేశాడు. బట్టతల మీద ఎండ పడుతున్నా పట్టించుకోకుండా పక్కన నిలబడ్డాడు. బోడితలతో నలుగురిలో నిలబడటం ఆయన ఈడు వాళ్ళకు ఎంత చిన్నతనమో నాకు ఆ పూట తట్టలేదు. నా సిగ్గులో నేనున్నాను. పంతులు మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. ఎడమచేతిలోకి దువ్వెన తీసుకున్నాను. రుమాలు నన్ను పడనివ్వలేదు. నాన్న కదలకుండా నా చేతులనే చూస్తుంటే, పని నేర్చుకునే రోజుల్లోలాగా నెమ్మదిగా, మెడ నుంచి పైకి మెట్లు కలుపుతూ వచ్చాను. అయ్యాక అద్దం ఇచ్చాను. పంతులు ఈసారి నిజంగా చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, మా నాన్న వైపు భయంగా ఓ చూపు చూసి, "కుడి చెవి కాడ ఇంక జర ఉన్నట్టుంది," అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి నా పనిలో తప్పు నా ముఖం మీద చెప్పాడు. కళ్ళు చెమర్చాయి. ఆ చెవి దగ్గర సరిచేశాను.

ఆ తర్వాత నా భార్య పాత చీరతో వెడల్పాటి పట్టీ కుట్టింది. దానితోనే చాలా ఏళ్ళు పనిచేశాను, పిల్లల్ని పెంచాను. సిగ్గు పోయిందా అంటే, పోలేదు. కొత్తవాళ్ళు నన్ను గుంజకు కట్టి ఉండటం చూసి తడబడితే నాకూ ముఖం కందేది. కానీ పీట మీద కూర్చున్నవాళ్ళు వంకలు పెట్టడం నేర్చుకున్నారు, పేచీలు పెట్టుకున్నారు, అలిగి వెళ్ళి మళ్ళీ వచ్చారు. వాళ్ళు వంక పెట్టినప్పుడల్లా నేను రోగిని కాదు, పనివాణ్ణి అనిపించేది.

నాన్న పోయి చాలాకాలమైంది, బావా లేడు. ఊరు పెరిగింది, దుకాణాలకు అద్దాల తలుపులొచ్చాయి, వాటిలోకి చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుబాటలూ వచ్చాయి, అది మంచిదే. పోయిన నెల అట్లాంటి ఒకదానిలో క్రాపు చేయించుకున్నాను. ఏ ఊరివాడో కుర్రవాడు, చెవిలో పాటలు పెట్టుకొని చేశాడు. ఎడమవైపు ఎక్కువ తీసేశాడు, మెడ మీద మెట్లు వదిలేశాడు. అద్దం చూపించి, మంచిగుందా తాతా అని అడిగాడు. నేను చూశాను, అన్నీ కనబడ్డాయి.

మంచిగుంది బిడ్డా అని చెప్పి వచ్చేశాను.