ఖాదర్ మామ మిగిల్చిన టైర్లు

“పాప ఇంతసేపు ఏడవకుండా ఉందేంటి? ఏమైనా అయిందేమో!”

జుమా నమాజు నుంచి వచ్చాక ఇనాయతుల్లా ఈ మాట అనడం ఐదోసారి.

“ఏం కాలే, నిద్దరపోతాంది. నువ్వే ఊరికే టైర్లు అరగ్గొట్టుకుంటాండావు అల్లుడా,” అన్నాడు ఖాదర్ మొహిద్దీన్.

లోకంలోని ప్రతి కష్టానికీ ఖాదర్ మామ చెప్పే కారణం ఒక్కటే: టైర్ల అరుగుదల. ఇనాయతుల్లాది, ఆయనది ఒకటే ఊరు, కడప పక్కన; ఆ ఊరి వరసకే మామ. మామ వారమంతా సౌదీలో, రియాద్ నుంచి తబూక్‌కు ట్రెయిలర్ తోలతాడు. శుక్రవారం విశ్రాంతి కావాలి కదా! అందుకని రియాద్‌లోనే మలాజ్ పేటలో ఉన్న ఇనాయతుల్లా ఫ్లాటుకు వచ్చి, కంప్యూటర్ ముందు బిగించిన స్టీరింగు పట్టుకుని కారు పందెం తోలతాడు.

సూపర్ మార్కెట్లో ఆయన చక్రాలు అరక్కుండా ట్రాలీని మలుపు తిప్పేలోగా వెనకున్న కుటుంబం సరుకులు కొని, ఇంటికెళ్ళి వండుకు తినేసింది. ఇంట్లో సోఫాకీ అదే నియమం.

“ఎప్పుడూ ఎడమపక్కే కూచుంటే ఎట్లమ్మా? లెయ్, ఆ కొసకు పో.”

“సోఫాకు గాలి గూడా కొట్టించమంటావా మామా?” అంటుంది ఇనాయతుల్లా భార్య ఆసిఫా.

పందెం ఆరు గంటలు. గంటకొకరు చొప్పున మామ, ఇనాయతుల్లా వంతులు మారతారు. ఆటలో మొత్తానికి ఇచ్చేది నాలుగు సెట్ల టైర్లే. ఎప్పుడు ఏ సెట్టు వేయాలో చూసేది మామ.

“మామా, ఇంకొకడు దాటిపోయినాడు!”

“పోనీలే. వానికి యాదో అర్జంటు పనుంటాది.”

ఇంతవరకు వాళ్ళు ఒక్క పందెమూ పూర్తి చేయలేదు. పాప పుట్టి నాలుగు నెలలు. ల్యాబులో పనిచేసే ఇనాయతుల్లా రాత్రుళ్ళు పాప ఊపిరి లెక్కపెడతాడు. అతని లెక్క సరిగ్గా ఉందా అని ఆసిఫా లెక్కపెడుతుంది. అందుకే ప్రతి పందెంలోనూ ఆఖరి గంటలో అతను కునికి, కారును గోడకు కొడతాడు. ఈసారీ కొడితే మామకు మొహం చూపించలేనని అతని బెంగ.

ఆఖరి గంట వచ్చింది. ఒక మలుపులో కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి గోడ ఎదురుగా ఉంది. గభాలున స్టీరింగు తిప్పాడు. టైర్లు రోడ్డును పట్టుకున్నాయి!

పందెం పూర్తయింది. ఇరవై కార్లలో పదిహేడో స్థానం. పాప లేస్తుందని ఇద్దరూ శబ్దం రాకుండా నోళ్ళు తెరిచి అరిచారు.

తెర మీద పందెం వివరాలు చూసి ఇనాయతుల్లా ఆగిపోయాడు.

“మామా, కొత్త సెట్లు మూడూ నాకే వేసినావా? నువ్వు మూడు గంటలూ మిగిలిన ఒక్క సెట్టు మీదేనా?”

“నేను బాగా పండుకోని వచ్చినోణ్ణి, ఎట్లోకట్ల నెట్టుకొస్తా. నిద్దర లేనోనికి జారని టైర్లు కావాల గదా. పోయినతూరి రెండే మిగిల్చినా, నీకు చాలలేదు.”

చాయ్ తెచ్చిన ఆసిఫా కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. మామ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“రెండు సెట్లూ ఒకేసారి అరగ్గొట్టుకుంటారా ఎవురైనా? ఒకరు తోలేటప్పుడు ఇంకొకరు పండుకోవాల.”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి. పాప దగ్గర మొదటి వంతు ఆసిఫాది. ఇనాయతుల్లా ఒక కన్ను తెరిచే పడుకుంటాడు. రెండో కన్ను మాత్రం మామ మాట వింటోంది.