బెళుగుప్ప దారిలో వంక

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను బెళుగుప్ప మండలంలో ఒక పల్లె రోడ్డు పనికి వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంటే పని జరిగేచోట నిలబడి కొలతలూ నాణ్యతా చూసేవాణ్ణి. నాకు పెద్ద చదువు లేదు. మట్టి గురించీ రోడ్ల గురించీ అనంతపురం గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఆ రోడ్డు విదేశీ సాంకేతిక సహకారంతో వేస్తున్నది. దూరం నుంచి కంకర తేకుండా, అక్కడి నల్లరేగడికే సున్నం కలిపి, తడిపి, రోలరుతో అణచి గట్టిచేసే పద్ధతి. నేర్పడానికి మార్టిన్ అనే పెద్దవయసు ఇంజనీరు వచ్చారు. ఆయన మాటలు మాకూ, మా మాటలు ఆయనకూ చెప్పడానికి కోస్తా నుంచి సుజాత అనే అమ్మాయి వచ్చింది.

నేను చేరేసరికి రోడ్డు కోసం ఎత్తుగా వేసే కట్ట చాలావరకు అయిపోయింది. పాత బండిబాట ఒకచోట వంపు తిరిగేది. కొత్త రోడ్డు అక్కడ తిన్నగా పోయింది. కట్టకు ఎగువన ఓబులేసు, లక్ష్మక్క దంపతుల గొర్రెల దొడ్డి.

మొదటిరోజే లక్ష్మక్క నన్ను నిలదీసింది. "ఏమప్పా, దొర జీపు పోయేదానికి దోవ వేస్తాండారు. నీళ్ళు పోయేదానికి ఏదీ?"

"నీళ్ళు యాడుండాయక్కా?" అని రోలరు డ్రైవరు మస్తాన్ నవ్వాడు.

"లేనప్పుడే అడగల్ల. వచ్చినాక అడిగేదానికి మేముంటామా? సర్వే నాడే చెప్తి, ఈడ వంక ఉండాదని."

డ్రాయింగు తీసి చూశాను. ఆ చోట 'వంపు, సరిచేయాలి' అని ఇంగ్లీషులో ఉంది. మా సీమలో వంక అంటే వాగు. సర్వే నాడు మార్టిన్ గారికి చెప్పేటప్పుడు సుజాత దాన్ని వంకర అనుకుంది. ఎదురుగా బాట వంపు తిరిగి కనిపిస్తుంటే ఎవరికీ అనుమానం రాదు. ఏళ్ళ తరబడి వానల్లేక వంక నిండా సర్కారు తుమ్మ మొలిచి ఉంది.

విషయం చెప్పగానే మార్టిన్ గారు వంకలోకి దిగి, పిడికెడు ఇసుక తీసి చూసి, కట్ట కింద నీళ్ళు పోయేలా తూములు వేయాలన్నారు. అంతవరకు కట్టకు గండి పెట్టమని కూడా అడిగారు. కానీ మంజూరైన ఎస్టిమేటులో లేని పని చేయకూడదు, కొలతలు రాసి బిల్లుకు పెట్టిన పని తెంపకూడదు. పై అధికారి "చుక్క పారని తావులో తూములేందప్పా" అంటూనే సవరించిన ఎస్టిమేటు పంపారు.

మంజూరు రాకముందే వాన వచ్చింది.

ఎగువ నుంచి వచ్చిన నీళ్ళు కట్ట దగ్గర ఆగి దొడ్డిలోకి ఎక్కాయి. గొర్రెలను వదలడానికి ఓబులేసు లోపలికి దిగాడు. అప్పుడు కట్ట తెగింది. ఆయన శవం దిగువన తుమ్మచెట్లలో దొరికింది. ఉత్త మట్టికట్ట అయితే నీళ్ళు అంత ఎత్తు లేవకముందే తెగిపోయేది. మేము గట్టిగా కట్టాం.

మార్టిన్ గారు వచ్చి లక్ష్మక్క ముందు తలవంచి నిలబడ్డారు. ఆమె ఆయన్ను చూడలేదు. సుజాతను అడిగింది.

"మీ తట్టు వంకను ఏమంటారమ్మా?"

"వాగు అంటామక్కా."

"ఆ మాట తెలిసుంటే అదే చెప్పిందును."

సుజాత ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేదు. మార్టిన్ గారు అడగలేదు.

తర్వాత తూములు వేశారు. కొత్త డ్రాయింగులో ఆ చోట తెలుగులోనే 'వంక' అని రాయించాను. గ్రంథాలయానికి పోయి నిఘంటువు చూస్తే రెండర్థాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రిటైరయ్యేదాకా ఏ ఊరికి పోయినా పేర్లు అడిగి ఊరుకోలేదు. నీళ్ళు యాడినుంచి వచ్చి యాడికి పోతాయో నడిచి చూపించమన్నాను. ఎండిన నేల మీద రోడ్డు వేసేవాడు ముందు చేయాల్సిన పని అదే.