మంచం పక్కన ఎవరున్నారు

ముప్పై ఏళ్లుగా ఒకరి రాతల్లో తప్పులు వెతకడమే అతని బతుకు. అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు. పెళ్లి కార్డయినా, పాఠ్యపుస్తకమైనా అతని ఎర్ర సిరా తగలందే మెషీనెక్కదు. కూరలో ఉప్పు తక్కువైందంటే, ఇదేం ప్రూఫు కాదు, నోర్మూసుకుని తినమనేది భార్య.

అతని చిన్ననాటి స్నేహితుడు, షాపుల బోర్డులు రాసే పెయింటరు, పక్షవాతంతో మంచాన పడ్డాడు. మాట పోయింది. పెయింటరు కూతురు ఆఫీసుకెళ్లాక, మధ్యాహ్నం భోజనం వేళ ప్రూఫ్ రీడరు సైకిలేసుకుని వెళ్లేవాడు. జావ తాగించి, గడ్డం గీసేవాడు. పెయింటరు కదిలే ఒక్క చేత్తో దుప్పటి మీద అక్షరాలు రాస్తే చదివి, దీర్ఘం మర్చిపోయావురా అని ఏడిపించేవాడు. ఎనిమిది నెలలు అలా లాగి, పెయింటరు పోయాడు.

వాళ్లతో ఒకే బెంచీ మీద కూర్చున్న మూడోవాడు పెద్ద కవిగారైపోయాడు. ఆ ఎనిమిది నెలల్లో అటు తొంగి చూసిన పాపాన పోలేదు. పెయింటరు చనిపోయిన వారానికి మాత్రం అచ్చాఫీసుకొచ్చి, టీ తెప్పించి, చివరి రోజులెలా గడిచాయిరా అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అడిగే దిక్కులేక గుండె బరువెక్కి ఉన్న ఈ వెర్రిబాగులవాడు పూస గుచ్చినట్టు అంతా చెప్పేశాడు.

రెండు నెలలకు కవిగారి స్మృతి కవితలు ప్రూఫులై అతని బల్ల మీదికే వచ్చాయి. జావ, గడ్డం, దుప్పటి మీది అక్షరాలు, ఆఖరికి మర్చిపోయిన దీర్ఘం కూడా ఉంది. ప్రతిచోటా 'నేను' అంటే కవిగారే. అతనికి ఒళ్లు మండిపోయింది. తప్పు పట్టుకుందామంటే ఒక్కటీ దొరకదు. పైగా కవితలు బాగున్నాయి. అసలు కడుపుమంట అదే.

స్నేహితుడి కూతురికి నిజం చెప్పి, ఆమె చేతనే పుస్తకం ఆపించాలని ప్రూఫులు చంకన పెట్టుకుని వెళ్లాడు. నోరు తెరిచేలోపే ఆమె కాగితాలు అందుకుని, పైన కవిగారి పేరు చూసి చదవడం మొదలుపెట్టింది. సగంలోనే వెక్కివెక్కి ఏడ్చింది.

"మీరు తప్ప అందరూ నాన్నని వదిలేశారనుకున్నాను బాబాయ్. అంత పెద్దమనిషి రోజూ వచ్చి కూర్చునేవారా? గడ్డం గీసేది మీరనుకున్నాను. ఆయనా?"

తండ్రి పడిపోయినప్పటి నుంచి ఆ పిల్ల ముఖం అంత తేటగా ఉండటం అతను చూడలేదు.

"ఆయనేనమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని కాగితాలు తిరిగిచ్చింది.

"ఒక్క అక్షరం కూడా మారకుండా చూడండి బాబాయ్."

అలాగేనని, అతను మెట్లు దిగాడు.