నీలం తాగని కణాలు

గా పొద్దు ఇప్పటికీ నాకు మంచిగ యాదికున్నది.

తొంభైలల్ల నేను కరీంనగర్ల ఒక కాలేజీల జువాలజీ లెక్చరర్‌ను. పాఠాలు చెప్పుకుంటనే హైదరాబాద్‌ల ఒక మేడం కింద రీసర్చి చేస్తుంటి. నా విషయం థైమస్. గుండె మీద, మెడ మొదట్ల ఉండే గ్రంథి. రోగాలతోని కొట్లాడే టీ కణాలు అండ్లనే పెరుగుతయి. చుట్టుపక్కల కణాలు సైటోకైన్లనే చిన్న ప్రోటీన్లతోని వాటికి కబురు పెడుతయి: బతుకు, పెరుగు, ఒకటి నుంచి రెండైపో. కబురు అందకపోతే పసి టీ కణం తనంతల తనే సచ్చిపోతది. ఎంత గమ్మత్తు ముచ్చట! దాని ధ్యాసల నాకు అన్నం గూడ సయించకపోయేది.

కానీ ఆ కబురును చూపెట్టే నా పరీక్షల ఎన్నడూ ఫలితం రాలే. ఈసారి గూడ రాకుంటే విషయం మార్చుకొమ్మని మేడం ఖరాఖండిగ చెప్పింది. ఐసు డబ్బాల ఒక సైటోకైన్ సీస ఇచ్చింది, ఒక్క పరీక్షకే సరిపోయేటంత.

మేకపిల్లకు థైమస్ పెద్దగుంటది, వయసు పెరిగినకొద్ది ఎండి కొవ్వైతది. మా మేనమామ ఇంట్ల పోచమ్మకు మేకను కోసే మొక్కుండె. థైమస్ నాకు కావాలె, చిన్న మేకపిల్లనే కొయ్యాలె మామా అని బతిమిలాడిన. సీసల గడ్డకట్టిన సైటోకైన్ మందు కరగబెట్టి పోయి చూద్దును గదా, దూడంత మేకపోతును కోసి కూసున్నడు! మెడల కొవ్వు తప్ప ఏం లేదు. నాకు ఒళ్లు మండింది. చుట్టాల ముంగటనే మామను కడిగేసిన. లెక్చరమ్మ ఇంటికొస్తే బక్కపిల్లను కోస్తే నా ఇజ్జత్ ఏమైతదని ఆయన నెత్తి గోక్కున్నడు.

కరిగిన మందు ఆగదు, చెడిపోతది. నా పరేషాన్ చూసి మామ మారు మాట్లాడకుండ లూనా బండెక్కి కసాయి దుకాణానికి పోయిండు. స్టీలు టిఫిన్ల, ఐసు ముక్కల నడుమ పిల్లమేక థైమస్ పట్టుకొచ్చిండు. గింత దానికి గంత లొల్లా అని గొణుక్కుంట నా చేతుల పెట్టిండు.

కాలేజీకి ఉరికిన. కణాలు విడదీసి రెండు గొట్టాలల్ల పోసిన. ఒకదాంట్ల సైటోకైన్ కలిపిన, ఇంకోదాంట్ల ఉత్త ద్రవమే. వాటిని వెచ్చగ ఉంచే పెట్టె మా కాలేజీల లేకపాయె. మామ దోస్తు కోళ్లఫారంల గుడ్లు పొదిగే మిషన్ల, గుడ్ల పక్కనే పెట్టిన.

తెల్లారి నీలం రంగు చుక్కేసి మైక్రోస్కోపుల చూసిన. సచ్చిన కణం నీలం తాగుతది, బతికినది తాగదు. ఉత్త ద్రవంల ఉన్నయి కుప్పలు కుప్పలుగ నీలమైనయి. సైటోకైన్ కలిపిన దాంట్ల శానా కణాలు తళతళ మెరుస్తున్నయి. కబురు అందినయి బతికినయి! నేను పిచ్చిదానిలెక్క గంతులేసిన.

ఎస్టీడీ బూత్‌కు ఉరికి మేడంకు ఊపిరి తీసుకోకుండ అంతా చెప్పిన. ఒక్కసారి వస్తే నేను నమ్మ, మళ్ల మళ్ల రావాలె అన్నది మేడం. మందు అయిపోయింది మేడం అన్న నేను.

"నాకు తెల్వదా? ఇంకా సీసలు పంపుతున్న. విషయం మార్చకు."

ఫోన్ పెట్టేసి, అందరు చూస్తుంటనే బూత్‌ల నిలబడి ఏడ్చిన. ఏడ్సుకుంటనే నవ్విన.